స్నేహితుల్ని అడిగిన బిషప్ అజరయ్య

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.యస్. అజరయ్య గారు లేచి, మిషనరీలు ఎంతో త్యాగం చేశారు గాని మాకు స్నేహితులు కాలేదని వాళ్ల ముందే చెప్పారు. కొందరు నొచ్చుకున్నారు. గద్దింపులో అది మాకు నచ్చిన పద్ధతి: వేరుపడే ఉద్దేశం లేనివాడు చెప్పాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పై, డోర్నకల్‌లో ఆ మిషనరీలతోనే కలిసి పనిచేశారు. తమిళుడైనా తెలుగు నేర్చుకుని ఎడ్లబండిలో పల్లెలు తిరిగారు. కొత్త విశ్వాసుల్ని ఆదరించారు, వారిలోని తాగుడునూ కులభేదాన్నీ ఖండించారు. సంఘాల ఐక్యత కోసం ఏళ్ల తరబడి పాటుపడి, 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947లో ఆంగ్లికన్ల డోర్నకల్, మెథడిస్టుల మెదక్ ఒకే దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. మన సంగారెడ్డి, పటాన్‌చెరు ఆ మెదక్ అధ్యక్ష మండలంలోనివే.