మౌలానా ఆజాద్ - రాష్ట్రాల స్వపరిపాలన

మౌలానా అబుల్ కలాం ఆజాద్ అనగానే మనలో చాలామందికి దేశపు తొలి విద్యామంత్రి గుర్తుకొస్తారు. వారి జన్మదినమైన నవంబరు 11ను 2008 నుండి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు. మంచిదే. కాని వారి జీవితంలో అంతకన్నా పెద్ద ప్రయత్నం ఒకటుంది. అది ఫలించలేదు గనుక దాని ఊసు ఎవరూ అంతగా ఎత్తరు. ఈ సంచికలో దాన్ని గురించే నాలుగు మాటలు రాయదలిచాము.

మౌలానా 1888లో పవిత్ర మక్కాలో జన్మించారు. అసలు పేరు మొహియుద్దీన్ అహ్మద్. చిన్నతనంలోనే కుటుంబం కలకత్తా చేరింది. బడికి పోయి చదివిన మనిషి కాదు. అరబ్బీ, ఫారసీ, మతశాస్త్రాలు అన్నీ ఇంట్లోనే నేర్చారు. 1912లో అల్ హిలాల్ అనే ఉర్దూ పత్రిక పెట్టి దొరల కంట్లో నలుసయ్యారు. 1916లో రాంచీలో నిర్బంధించారు. 1923లో, ఇంకా 35 ఏళ్ళయినా నిండకముందే, కాంగ్రెసు ప్రత్యేక మహాసభకు అధ్యక్షత వహించారు. 1940 నుండి 1946 దాకా మళ్ళీ వారే కాంగ్రెసు అధ్యక్షులు. అందులో మూడేళ్ళకు పైగా జైల్లోనే గడిచాయి. 1943లో వారు అహమద్‌నగర్ కోటలో ఉండగా కలకత్తాలో బేగం జులేఖా సాహెబా కన్నుమూశారు. ఆమె జబ్బు సంగతి తెలిసి కూడా, సర్కారును బతిమాలుకొని బయటికి రావడానికి మౌలానా ఇష్టపడలేదు.

1946 మార్చిలో బ్రిటిష్ మంత్రుల బృందం ఢిల్లీ వచ్చింది. ముస్లిం లీగు పాకిస్తాన్ కావాలని పట్టుబట్టి ఉంది. కాంగ్రెసులో ఎక్కువమంది బలమైన కేంద్రం కావాలనేవారు. మౌలానా అసలు భయం ఎక్కడుందో చూశారు. కేంద్రంలో ఎన్నటికీ మనది తక్కువ సంఖ్యే కదా అన్నదే ముస్లింల భయం. అలాంటప్పుడు దేశాన్ని కోయడమెందుకు, కేంద్రం చేతిలోని అధికారాన్నే తగ్గిస్తే పోదా? రక్షణ, విదేశ వ్యవహారాలు, రాకపోకలు-తంతి తపాలా, ఈ మూడే కేంద్రానికి తప్పనిసరి. చదువు, భూమి, సాగునీరు, వైద్యం వగైరాలన్నీ రాష్ట్రాలవి. ఇంకేదైనా కేంద్రానికి ఇవ్వాలనుకుంటే రాష్ట్రాలు తమంతట తాము ఇవ్వాలేగాని కేంద్రం లాక్కోరాదు.

ఏప్రిల్ 15న ఈ మాటలే ప్రకటనగా ఇచ్చారు. పాకిస్తాన్ వస్తే ఇటు మిగిలిపోయే మూడున్నర కోట్లమంది గతేమిటని అందులో అడిగారు. సంయుక్త రాష్ట్రాలలో 17 శాతం, బీహారులో 12, మద్రాసులో 9 అని లెక్క కూడా చెప్పారు. ఆ 9 శాతంలో మన కోస్తా, రాయలసీమ పెద్దలూ ఉన్నారు. అప్పుడు ఈ జిల్లాలు మద్రాసు కిందివే గదా.

మే 16న మంత్రుల బృందం ప్రకటించిన పథకం చాలామట్టుకు ఇదే. కాకపోతే రాష్ట్రాలను మూడు గుంపులు చేసే మెలిక ఒకటి కొత్తగా చేరింది. లీగు జూన్ 6న, కాంగ్రెసు జూలై 7న సరేనన్నాయి. అయితే బెంగాలుతో ఒకే గుంపులో పడిన అస్సాం ఎదురు తిరిగింది. గోపీనాథ్ బర్దొలాయ్ పట్టు విడవలేదు. మా మటుకు మాకు ఆయన వాదన న్యాయంగానే తోస్తుంది. రాష్ట్రాల స్వేచ్ఛ పేరు చెప్పి ఒక రాష్ట్రాన్ని ఇష్టం లేకుండా ఇంకో రాష్ట్రానికి కట్టేస్తే అదేం స్వేచ్ఛ?

అప్పటికి మౌలానా అధ్యక్ష పదవి వదిలారు. రాజ్యాంగ సభలో చేరడం తప్ప కాంగ్రెసు వేరే దేనికీ కట్టుబడలేదని జూలై 10న బొంబాయిలో నెహ్రూ పత్రికలవారితో చెప్పారు. జూలై 29న లీగు అంగీకారం వెనక్కి తీసుకుంది. ఆగస్టు 16న కలకత్తా వీధుల్లో నెత్తురు పారింది. ఆ సమయంలో పదవి వదులుకోవడం తన పెద్ద పొరపాటని మౌలానా తన ఆత్మకథలో రాసుకున్నారు. అది వారు పోయాక, 1959లో అచ్చయింది.

1947 అక్టోబరులో ఢిల్లీ ముస్లింలు మూటాముల్లె సర్దుకుంటుంటే, జామా మసీదులో నిలబడి వెళ్ళవద్దని గట్టిగా మందలించారు. విభజన జరిగాక తేలిక కేంద్రాన్ని కోరేవారు తగ్గిపోయారు. 1950లో అమలైన రాజ్యాంగంలో మిగులు అధికారాలు కేంద్రానికే దక్కాయి. ఆ కేంద్రంలోనే మౌలానా 1958 ఫిబ్రవరి 22న కన్నుమూసేదాకా విద్యాశాఖ చూశారు. బడులు, కాలేజీలు అప్పట్లో రాష్ట్రాల జాబితాలోవే. వాటిని ఉమ్మడి జాబితాలోకి మార్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, 1976 సవరణలో.