లూయీ పాశ్చర్: తళతళలాడే సీసాలోనూ శత్రువు ఉంటుందని కనిపెట్టిన శాస్త్రవేత్త.. ఆయన కథ తెలుసా?

మాడుగుల అనగానే ముందు గుర్తొచ్చేది హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియబెట్టాకే పొయ్యి ఎక్కిస్తారు. అక్కడి నుంచి ఘాట్ రోడ్డెక్కి పాడేరు ఏజెన్సీలోకి వెళ్తే జీలుగు కల్లు కుండలు కనిపిస్తాయి. చెట్టు నుంచి కారేటప్పుడు తియ్యగా ఉండే రసం గంటల్లోనే పులిసిపోతుంది. ఇంతకీ ఈ పులియడం అంటే ఏంటి? ఒకసారి చక్కగా పులిసింది, ఇంకోసారి ఎందుకు పాడవుతుంది? ఈ గుట్టు విప్పింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్.

పాశ్చర్ 1822 డిసెంబర్ 27న డోల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రిది తోళ్లు శుద్ధి చేసే వృత్తి. చిన్నప్పుడు పాశ్చర్ బొమ్మలు బాగా గీసేవారు. తర్వాత కెమిస్ట్రీ వైపు వెళ్లి, 1854లో లీల్ నగరంలో సైన్స్ ఫ్యాకల్టీకి డీన్ అయ్యారు.

అసలు మలుపు అక్కడే. 1856లో బీగో అనే వ్యాపారి సాయం కోసం వచ్చాడు. బీట్ దుంపల రసం నుంచి ఆల్కహాల్ తీసే అతని ఫ్యాక్టరీలో కొన్ని తొట్లలో సరుకు పాడైపోతోంది. పాశ్చర్ మైక్రోస్కోప్‌లో చూశారు. బాగున్న తొట్లలో గుండ్రటి ఈస్ట్ కణాలు. పాడైన తొట్లలో సన్నటి కడ్డీల్లాంటి వేరే జీవులు. రసంలో చేరిన జీవిని బట్టే ఫలితం ఉంటుందని ఆయనకు అర్థమైంది.

మరి అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? హంస మెడలా వంపు తిరిగిన గాజు సీసాలో రసం పోసి మరిగించారు. లోపలికి గాలి వెళ్తున్నా రసం చెడలేదు, ఎందుకంటే దుమ్ము వంపులోనే ఆగిపోయింది. మెడ విరగ్గొడితే కొద్ది రోజుల్లోనే పాడైపోయింది. అంటే క్రిములు వాటంతట అవి పుట్టవు, బయటి నుంచి వస్తాయి!

ఆ తర్వాత వైన్‌ను 50 నుంచి 60 డిగ్రీల వరకు వేడి చేసి, చెడకుండా కాపాడొచ్చని చూపించారు. ఇప్పుడు పాల ప్యాకెట్ మీద కనిపించే పాశ్చరైజ్డ్ అనే మాట ఆయన పేరు నుంచి వచ్చిందే. 1871లో బీరు మీద పరిశోధన మొదలుపెట్టి, లండన్ వెళ్లి అక్కడి బీరు కంపెనీలో ఈస్ట్‌ను మైక్రోస్కోప్‌తో పరీక్షించారు. 1876లో పుస్తకం రాశారు. ముందే మరిగించిన రసం కూడా ఆ తర్వాత తగిలే గాలి, పాత్రలు, కల్తీ ఈస్ట్ వల్లే చెడుతోందని తేల్చారు.

ఇంట్లో మాత్రం విషాదమే. ఐదుగురు పిల్లల్లో ముగ్గురు చనిపోయారు. వారిలో ఇద్దరు అమ్మాయిలను బలి తీసుకుంది టైఫాయిడ్. అది కూడా కంటికి కనిపించని క్రిమి పనే. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ వైపు దెబ్బతింది. అయినా ఆగలేదు. 1885లో కుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా వేయించి బతికించారు. 1895 సెప్టెంబర్ 28న కన్నుమూశారు.

ఆయన దగ్గర పనిచేసిన చాంబర్‌లాండ్ 1879లో ఆటోక్లేవ్ తయారుచేశారు. మన ప్రెషర్ కుక్కర్‌లాగే ఒత్తిడితో ఆవిరి వేడిని 100 డిగ్రీలు దాటించి, మొండి క్రిములను కూడా చంపే యంత్రమిది. ఆస్పత్రుల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

ఇవాళ ఇంట్లో బీరు, వైన్ చేసుకునేవాళ్లు పాటించే మొదటి రూల్ ఒకటుంది. ముందు సీసా, మూత, గొట్టాలకు అంటిన జిడ్డు పూర్తిగా పోయేలా కడగాలి. ఆ తర్వాతే వేడితోనో, మందుతోనో క్రిములను చంపాలి. జిడ్డు మిగిలితే దాని కింద క్రిములు దాక్కుంటాయి. పసిబిడ్డ పాల సీసాకైనా వరస ఇదే.. ముందు కడగడం, ఆ తర్వాతే మరిగించడం. సీసా తళతళలాడినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు.