మంద్రస్వర శిల్పి జేమ్స్ జేమర్సన్

కోటను చూచినవారు దాని బురుజులను పొగడుతారు. ముఖద్వారపు నగిషీని పొగడుతారు. ఆ బరువునంతటినీ మోస్తూ మట్టిలో అణగి ఉన్న పునాదిరాతిని తలచుకునేవారు అరుదు. సంగీత ప్రపంచంలోనూ ఇదే లోకరీతి. గాయకుని పేరు నలుగురి నోట నానుతుంది. పాట కట్టినవారి పేరు రికార్డు మీదనైనా నిలుస్తుంది. ఆ పాటకు అడుగున నిలిచి దానిని మోసిన వాద్యకారుని పేరు మాత్రం ఎక్కడా కానరాదు. ఇట్టి అజ్ఞాతవాసంలో పుష్కరకాలం గడిపి, కోట్లాది శ్రోతల చెవులకు చేరువై, వారి ఎరుకకు మాత్రం దూరంగా ఉండిపోయిన మహావిద్వాంసుడు అమెరికా దేశపు బాస్ గిటారు వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్.

తెలుగు బోధించే మాకు ఈ విదేశీ వాద్యంతో పని ఏమిటని పాఠకులు అడుగవచ్చు. దానికి కారణం మా లోపమే. ఒక వార్షికోత్సవ నివేదికను వ్రాసే భారం మా మీద పడినప్పుడు, ఆనాటి ఖవ్వాలీని పాడిన విద్యార్థిని పేరుపెట్టి మెచ్చుకున్నాము. అతని ప్రక్కన కూర్చుండి ఆద్యంతం ఢోలక్ వాయించిన విద్యార్థి పేరు వ్రాయడం మరచాము. సంచిక వెలువడిన నాడు ఆ బాలుడు పుటలు త్రిప్పి చూచి, ఏమీ అనక దానిని బల్లమీద పెట్టి వెళ్ళిపోయినాడు. ఆ మౌనం మమ్ములను చాలాకాలం వెంటాడింది. జేమర్సన్ చరిత్ర చదివిన నాడు అది మరల గుర్తుకు వచ్చింది.

ముందుగా ఈ వాద్యాన్ని గురించి రెండు మాటలు. మన కచేరీలో తంబుర ఆధారశ్రుతిని విడువక మ్రోగిస్తుంది. మృదంగం కాలాన్ని కొలుస్తుంది. పాశ్చాత్య గీతాలలో బాస్ ఈ రెండు పనులను కలిపి చేస్తుంది. అయితే అక్కడ పాట నడిచేకొద్దీ స్వరసమ్మేళనాలు మారుతుంటాయి. అవి మారినప్పుడెల్లా వాటి అడుగున నిలువవలసిన మంద్రస్వరాన్ని అందించడం బాస్ బాధ్యత. తొలుత ఈ పని మనిషి ఎత్తుండే డబుల్ బాస్ చేసేది. అది చూపులకు మహాకాయమైన వయొలిన్ వంటిది. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన విద్యుచ్ఛక్తితో మ్రోగే బాస్ గిటారును అంగడికి తెచ్చాడు. నాలుగు తీగెల ఈ వాద్యం గిటారు కంటె ఒక స్థాయి క్రిందుగా పలుకుతుంది. దాని నాదం చెవికంటె ముందు గుండెకు తగులుతుందంటే అతిశయోక్తి కాదు. అది ఉన్నంతసేపు శ్రోతకు దాని ఉనికి తెలియదు. ఆగిపోతే మాత్రం పాట కాళ్ళు విరిగినట్లు కూలిపోతుంది.

జేమర్సన్ 1936 జనవరి 29న దక్షిణ కరోలినా రాష్ట్రంలో, చార్లెస్టన్ నగర సమీపంలోని ఎడిస్టో ద్వీపంలో జన్మించాడు. అది నల్లజాతివారు వర్ణవివక్షకు లోబడి బ్రతుకుతున్న కాలం. ఆయన నాయనమ్మ పియానో వాయించేది. మేనత్త చర్చి బృందంలో పాడేది. ఇంటి గాలిలోనే సంగీతం ఉన్నందున బాలుడు పియానో నేర్చాడు. ఒక కర్రకు రబ్బరు పట్టీని సాగదీసి కట్టి, కర్రను చీమలపుట్టలో గ్రుచ్చి, దానిని మీటుతూ చీమలను ఆడిస్తున్నానని మురిసిపోయేవాడని ఆయన బాల్యం గురించి చెబుతారు. కథ ఎంతవరకు నిజమైనా, ఒంటి తీగె నాదంతో ఎదుటివారిని కదిలించాలనే కోరిక మాత్రం ఆయనను జీవితాంతం విడువలేదు.

1954లో తల్లి వెంట ఆయన ఉత్తరాన ఉన్న డెట్రాయిట్ నగరం చేరుకున్నాడు. దక్షిణాదిలో బ్రతుకు తెరువు లేని నల్లజాతి కుటుంబాలెన్నో ఆ రోజులలో మోటారుకార్ల కర్మాగారాలను నమ్ముకొని ఆ నగరానికి వలస పోయేవి. అక్కడి నార్త్‌వెస్టర్న్ ఉన్నత పాఠశాలలో ఆయన డబుల్ బాస్‌ను చేపట్టాడు. చదువు ముగిసేనాటికే నగరంలోని రాత్రి క్లబ్బులలో జాజ్, బ్లూస్ బృందాలతో వాయించి పేరు తెచ్చుకున్నాడు. జాజ్ సంగీతంలో వ్రాసిన స్వరం కంటె అప్పటికప్పుడు అల్లే మనోధర్మానికి విలువ ఎక్కువ. ఆ శిక్షణ ఆయనకు పెట్టుబడి అయింది.

1959లో బెర్రీ గోర్డీ అనే యువకుడు కుటుంబ నిధి నుండి 800 డాలర్లు అప్పు తీసుకొని డెట్రాయిట్‌లో ఒక రికార్డుల సంస్థను స్థాపించాడు. మోటార్ల పట్టణమనే అర్థంలో అది మోటౌన్ అని ప్రసిద్ధి పొందింది. వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డులోని ఒక మామూలు ఇల్లే దాని కార్యాలయం. ఆ ఇంటిలోని చిన్న గదే రికార్డింగు స్టూడియో. పైకప్పు నుండి వ్రేలాడే తీగెలను చూచి వాద్యకారులు ఆ గదిని పాముల గొయ్యి అని పిలుచుకునేవారు. ఆ గోతిలోనికి జేమర్సన్ 1959లో అడుగుపెట్టాడు. కీబోర్డు విద్వాంసుడు ఎర్ల్ వాన్ డైక్, డ్రమ్ము వాద్యకారుడు బెన్నీ బెంజమిన్, గిటారు వాద్యకారుడు రాబర్ట్ వైట్ మున్నగువారితో కూడిన ఆ బృందానికి ఫంక్ బ్రదర్స్ అని పేరు. గాయకులు మారినా, పాట కట్టేవారు మారినా, వెనుక వాయించినది ప్రధానంగా ఈ బృందమే.

జేమర్సన్ ప్రతిభను ఇక్కడ కొంత వివరించాలి. ఆయనకు ముందు జనరంజక గీతాలలో బాస్ వాద్యకారుని పని చాలవరకు సులభమైనది. స్వరసమ్మేళనపు మూలస్వరాన్ని, దాని పంచమాన్ని తాళానికి సరిగా మీటుతూ పోతే చాలు. జేమర్సన్ ఆ కాపలాదారు పనితో తృప్తి పడలేదు. ఒక మూలస్వరం నుండి మరొక మూలస్వరానికి పోయే దారిలో మధ్యనున్న స్వరాలను తడుముతూ, తాళపు దెబ్బకు ఒక క్షణం ముందో వెనుకో అడుగు వేస్తూ, గాయకుడు ఊపిరి పీల్చుకునే చోట తాను పలుకుతూ, గాయకుడు పలికే చోట తాను ఒదిగిపోతూ, పాటకు అడుగున మరొక పాటను అల్లాడు. ఇంతటి పనిని కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే చేసేవాడు. ఆ వ్రేలికి మిత్రులు కొక్కెం అని పేరు పెట్టారు. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బాస్ ఆయన ప్రియవాద్యం. దాని లావుపాటి తీగెలను ఆయన మార్చేవాడు కాడు. పాతబడి మెరుపు పోయిన తీగెల నుండే తనకు కావలసిన గుండ్రని నాదం పుడుతుందని ఆయన నమ్మకం.

టెంప్టేషన్స్ బృందం పాడగా 1964 చివర వెలువడిన 'మై గర్ల్' గీతాన్ని చూడండి. మొదట బాస్ ఒక్కటే గుండె కొట్టుకున్నట్లు మెల్లగా మ్రోగుతుంది. తరువాత రాబర్ట్ వైట్ గిటారు మన మోహనరాగపు ఆరోహణను పోలిన అయిదు స్వరాల మెట్లెక్కుతుంది. గాయకుడు ఇంకా నోరు విప్పకముందే శ్రోత ఆ పాటకు వశమైపోతాడు. ఫోర్ టాప్స్ బృందపు 'రీచ్ అవుట్ ఐల్ బీ దేర్' (1966), 'బెర్నడెట్' (1967), స్టీవీ వండర్ పాడిన 'ఐ వజ్ మేడ్ టు లవ్ హర్' (1967) గీతాలలో ఆయన బాస్ పరుగులు తీస్తుంది. అయినా ఎక్కడా గాయకుని కాలికి అడ్డు తగలదు. ఇదే ఆయన విద్యలోని వినయం. సముద్రానికి ఆవల ఇంగ్లండులో బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ, తన బాస్ వాదనకు జేమర్సన్ వరవడి అని తరువాతి కాలంలో ఒప్పుకున్నాడు.

ఇంత చేసిన మనిషి పేరు ఆనాటి రికార్డుల మీద లేదు. గాయకుల పేరు, గీతకర్తల పేరు, నిర్మాత పేరు ముద్రించేవారు. వాద్యకారుల పేర్లు ముద్రించేవారు కారు. అప్పటి జనరంజక సంగీత వ్యాపారంలో ఇది రివాజే. కాని అదే కాలపు జాజ్ రికార్డుల అట్టల మీద డ్రమ్ము వాయించినవాని పేరు, బాస్ వాయించినవాని పేరు తప్పక ఉండేవి. కనుక ఇది చోటు చాలక జరిగిన లోపం కాదు, మనసు చాలక జరిగిన లోపమని మా అభిప్రాయం. మోటౌన్ బృందం వారు అదనపు రాబడి కోసం ఇతర సంస్థలకు చాటుగా వాయించిన సందర్భాలూ ఉన్నాయి. 1966లో కాపిటల్స్ పాడిన 'కూల్ జెర్క్' గీతం అట్టిదే.

1970లో మార్విన్ గే తన 'వాట్స్ గోయింగ్ ఆన్' గీతాన్ని రికార్డు చేయ తలపెట్టి, జేమర్సన్ కోసం రాత్రివేళ క్లబ్బుల వెంట వెదకి పట్టుకొచ్చాడట. మత్తులో ఉన్న ఆ విద్వాంసుడు కుర్చీలో నిటారుగా కూర్చోలేక నేలమీద వెల్లకిలా పడుకొనే ఆ గీతానికి బాస్ వాయించాడని చెబుతారు. ఇల్లు చేరి, తానొక మహాకృతిలో పాలు పంచుకున్నానని భార్యతో అన్నాడట. 1971లో ఆ పేరుతోనే వెలువడిన ఆల్బం అట్టమీద మోటౌన్ చరిత్రలో మొదటిసారిగా వాద్యకారుల పేర్లు ప్రముఖంగా అచ్చయ్యాయి. జేమర్సన్ పేరుకు సాటిలేనివాడనే అర్థమిచ్చే విశేషణం కూడ చేర్చారు. సంస్థలో చేరిన పండ్రెండేళ్ళకు దక్కిన గౌరవం అది!

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. 1972లో మోటౌన్ తన కార్యస్థానాన్ని లాస్ ఏంజిలిస్‌కు తరలించింది. వాద్యకారులకు ముందుగా చెప్పినవారు లేరు. ఒకనాడు పనికి వచ్చినవారికి స్టూడియో తలుపు మీద చీటీ మాత్రం కనిపించిందని వారిలో కొందరు తరువాత చెప్పుకున్నారు. జేమర్సన్ 1973లో సంస్థను వెదుకుకుంటూ ఆ నగరానికి వెళ్ళాడు. ఆ యేడే సంస్థతో ఆయన బంధం తెగిపోయింది. 'బూగీ ఫీవర్' (1976) వంటి విజయవంతమైన గీతాలకు వాయించినా, ఆ కొత్త ఊరు ఆయనకు అచ్చిరాలేదు. అక్కడి నిర్మాతలు కొత్త తీగెల మెరుపు నాదాన్ని కోరారు. ఆయన పాత తీగెలను వదలలేదు. క్రమంగా పిలుపులు తగ్గాయి, మద్యపానం పెరిగింది. ఈ దోషాన్ని కప్పిపుచ్చడం మా ఉద్దేశం కాదు. ఆ వ్యసనం డెట్రాయిట్ రోజులలోనే ఆయనను పట్టుకుంది. చూపుడువ్రేలితో లోకాన్ని కదిలించిన మనిషి ఒక సీసా ముందు ఓడిపోయినాడు.

1983 మార్చి 25న కాలిఫోర్నియాలోని పాసడేనాలో మోటౌన్ రజతోత్సవ సభ వైభవంగా జరిగింది. గాయకులందరూ వేదిక ఎక్కారు. జేమర్సన్‌కు ఆహ్వానం లేదు. బయట ఎక్కువ ధరకు టిక్కెట్టు కొనుక్కొని, మేడమీది వరుసలలో ఒక సామాన్య ప్రేక్షకుడుగా కూర్చుండి, తాను పునాది వేసిన పాటలకు పదిమందితో పాటు చప్పట్లు కొట్టి వచ్చాడు. ఆ తరువాత కొద్ది నెలలకు ఆయన ప్రియవాద్యమైన ఆ 1962 నాటి బాస్ దొంగల పాలయింది. దొంగతనం జరిగిన కొద్ది రోజులకే, 1983 ఆగస్టు 2న, లాస్ ఏంజిలిస్‌లో ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయస్సు 47 సంవత్సరాలు. డెట్రాయిట్‌లోని వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేశారు.

బ్రతికినన్నాళ్ళు మరచిన లోకం పోయిన తరువాత వెదకింది. 1989లో ఆలన్ స్లట్‌స్కీ అనే సంగీతకారుడు ఆయన జీవితాన్ని, ఆయన వాయించిన బాస్ స్వరలిపిని గ్రంథస్థం చేశాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ ప్రక్కవాద్యకారుల కోసం కొత్త విభాగం తెరచి, అందులో మొదటి యేట గౌరవించిన అయిదుగురిలో జేమర్సన్‌ను చేర్చింది. 2002లో ఫంక్ బ్రదర్స్ మీద చలనచిత్రం వచ్చింది. 2004లో ఆ బృందానికి గ్రామీ జీవన సాఫల్య పురస్కారం లభించింది. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక బాస్ వాద్యకారులలో అగ్రస్థానం ఆయనకే ఇచ్చింది. ఆలస్యమైనా న్యాయం న్యాయమే. కాని చప్పట్లు వినవలసిన చెవులు ఆనాటికి లేవు గదా!

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినవి రెండు. మీలో ఎవరికైనా వెనుకవరుస పనే దక్కితే, దానిని జేమర్సన్ బాస్ వాయించినట్లు చేయండి. ఎవరూ చూడని చోట నైపుణ్యం తగ్గించవలసిన పని లేదు. విద్య ఎంత గొప్పదైనా వ్యసనం దానిని మ్రింగివేయగలదనే హెచ్చరికను కూడ మరువకండి.

ఇక కళాశాల పాలకవర్గానికి మా విన్నపం ఒకటి. ఇకమీదట మన సంచిక చివరి పుటలో ఆ యేటి వేడుకలకు వాద్యం వాయించినవారి పేర్లు, తెర లాగినవారి పేర్లు, కుర్చీలు మోసినవారి పేర్లు, ఈ రెండు భాషల అక్షరాలను కూర్చినవారి పేర్లు అచ్చు వేయించవలసినదిగా కోరుతున్నాము. దానికి అరపుట చాలు. ఆ అరపుట లేక ఒక బాలుడు మౌనంగా వెళ్ళిపోవడం మేము ఒకసారి చూచాము. మరల చూడ దలచుకోలేదు.