స్వరాలకు లెక్క కట్టిన అడా

నాలుగు మాటలు టైపు చేస్తే బాణీ కట్టి పాడే కృత్రిమ మేధ ఇప్పుడు పిల్లల చేతికే వచ్చింది. యంత్రం సంగీతం కూర్చగలదని 1843లోనే రాసిన మహిళ అడా లవ్‌లేస్.

అడా 1815 డిసెంబరు 10న లండన్‌లో జన్మించారు. తండ్రి ప్రసిద్ధ ఆంగ్ల కవి లార్డ్ బైరన్. నెల బిడ్డగా ఉండగానే తల్లి ఆమెను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయారు. కొద్ది నెలలకే దేశం విడిచిన తండ్రి కూతురిని మళ్లీ చూడలేదు. తండ్రి పోకడలు బిడ్డకు అబ్బకూడదని తల్లి పట్టుబట్టి గణితం చెప్పించారు. 13 ఏళ్లప్పుడు తట్టు సోకి అడా చాలాకాలం మంచాన పడ్డారు. తర్వాత చంకకర్రలతో నడిచారు. అయినా చదువు ఆపలేదు. హార్ప్ అనే తంత్రీ వాద్యమన్నా ఆమెకు ప్రాణం.

17 ఏళ్ల వయసులో గణిత యంత్రాల రూపశిల్పి చార్లెస్ బాబేజ్‌తో పరిచయమైంది. పెళ్లై ముగ్గురు పిల్లలు పుట్టాక కూడా అడా ఉన్నత గణితం నేర్చుకున్నారు. బాబేజ్ తలపెట్టిన అనలిటికల్ ఇంజిన్‌పై ఇటలీకి చెందిన మెనాబ్రియా ఫ్రెంచిలో వ్యాసం రాస్తే, దాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. మూలానికి దాదాపు మూడింతలు సొంత వివరణలు జోడించారు. రెండు భాషలు, గణితం, సంగీతం తెలిసినందుకే ఆ వివరణలు అంత లోతుగా వచ్చాయి.

షడ్జమానికీ పంచమానికీ ఉన్న సంబంధం 2:3 నిష్పత్తి అని సంగీతం నేర్చిన పిల్లలకు తెలుసు. ఇలాంటి సంబంధాలను యంత్రానికి అర్థమయ్యే నియమాలుగా మార్చగలిగితే, అది ఎంత క్లిష్టమైన సంగీతాన్నైనా కూర్చవచ్చని అడా భావించారు. అయితే యంత్రం తనంతట తాను కొత్తది పుట్టించదని, మనం చెప్పగలిగిందే చేస్తుందని కూడా హెచ్చరించారు. ఆ మాటపై 1950లో అలాన్ ట్యూరింగ్ వాదనకు దిగారు. చర్చ ఇంకా తెగలేదు.

అడా 1852 నవంబరు 27న, 36 ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఊహ తెలిశాక ఎన్నడూ కలవని తండ్రి పక్కనే ఆమెను ఖననం చేశారు. ఆ ఇంజిన్ పూర్తి కాలేదు. శతాబ్దం దాటాక, 1956-57లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో హిల్లర్, ఐజాక్సన్ కంప్యూటర్‌కు నియమాలిచ్చి ‘ఇలియాక్ సూట్’ కూర్పించారు.

నేటి యంత్రాలు అలా కాదు, వేలాది రికార్డింగులు విని నేర్చుకుంటాయి. రికార్డుకు ఎక్కని పాట వాటికి తెలియదు. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే జోలపాటలు, దంపుళ్ల పాటలు ఎన్ని రికార్డయ్యాయి? వాటిని పిల్లల చేత పాడించి, రాయించి దాచాల్సింది ఇంట్లో మనమే, బడిలో ఉపాధ్యాయులే.