మేరీ ఎలైజా మహోనీ: పరిచర్యయే పట్టముగా

ప్రతి విద్యాలయమూ తన పూర్వ విద్యార్థులలో ఘనత వహించినవారిని పిలిచి సన్మానించుకోవడం సదాచారం. ఆ వేళ వారు అధిష్ఠించిన పదవులను, పొందిన బిరుదులను ఏకరువు పెడుతుంటాము. అయితే చరిత్రలో మరికొందరున్నారు. విద్యాలయపు గడప దాటి లోపలికి అడుగిడడమే వారికొక సాధన; పట్టా చేతికందడమే ఒక ఘనవిజయం. అటువంటివారిలో ఎన్నదగిన వనిత మేరీ ఎలైజా మహోనీ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నర్సింగ్ విద్యాలయంలో శిక్షణ పూర్తి చేసి పట్టా పొందిన తొలి నల్లజాతి మహిళగా ఆమె ప్రసిద్ధురాలు. ఆ పుణ్యచరితను మన విద్యార్థులకు పరిచయం చేయాలని మేము ఈ చిన్న వ్యాసానికి పూనుకున్నాము.

మహోనీ 1845లో బోస్టన్ ప్రాంతంలోని డార్చెస్టర్‌లో జన్మించింది. తల్లిదండ్రులు ఉత్తర కరోలినాలో బానిసత్వం అనుభవించి, విముక్తులై, ఉత్తరాదికి తరలివచ్చినవారు. ఆమె స్వేచ్ఛాజీవిగానే పుట్టినా, దేశమంతటా బానిసత్వం రద్దయ్యేనాటికి, అనగా 1865 నాటికి, ఆమెకు ఇరువది ఏండ్లు. అప్పటికి పదేండ్ల ముందే, 1855లో, మసాచుసెట్స్ రాష్ట్రం పాఠశాలలలో వర్ణవిభజనను నిషేధించింది. తెల్లవారి పిల్లలతో పాటు నల్లవారి పిల్లలను చేర్చుకొన్న తొలి బడులలో ఒకటైన ఫిలిప్స్ పాఠశాలలో మహోనీకి అక్షరాభ్యాస భాగ్యం కలిగింది. చట్టం తెరచిన ఒక చిన్న తలుపు ఒక జీవితాన్ని ఎంత దూరం నడిపించగలదో ఆమె కథ మనకు చెబుతుంది.

1862లో డాక్టర్ మేరీ జక్‌షెఫ్‌స్కా అనే వైద్యురాలు బోస్టన్‌లో స్త్రీలకు, శిశువులకు న్యూ ఇంగ్లండ్ ఆసుపత్రిని స్థాపించింది. స్త్రీ రోగులకు స్త్రీలే వైద్యం చేయాలి, స్త్రీలకు వైద్యవిద్యలో అనుభవం చేకూరాలి అన్నది ఆ సంస్థ ఆశయం. మహోనీ ఆ ఆసుపత్రిలో చేరింది; కాని విద్యార్థినిగా కాదు. వంట చేసింది, గుడ్డలు ఉతికింది, నేల తుడిచింది, అవసరం పడినప్పుడు నర్సులకు చేయూతనిచ్చింది. ఇట్లా సుమారు 15 సంవత్సరాలు గడిచాయి. ఈ మధ్యకాలంలో, 1872లో, ఆ ఆసుపత్రి క్రమబద్ధమైన నర్సింగ్ శిక్షణను ఆరంభించింది. 1873లో లిండా రిచర్డ్స్ అక్కడ తొలి పట్టభద్రురాలైంది. తాను ఊడ్చే గదులలోనే ఇతరులు విద్య నేర్చుకొని వెళ్ళడం మహోనీ కన్నులారా చూచింది. 1878లో, తన 33వ ఏట, ఆమెకు ప్రవేశం లభించింది.

శిక్షణ 16 నెలలు. మొదటి 12 నెలలు వైద్య, శస్త్రచికిత్స, ప్రసూతి విభాగాలలో సేవ. తక్కిన నాలుగు నెలలు రోగుల ఇండ్లకు వెళ్ళి చేయవలసిన పరిచర్య. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలైన పని రాత్రి తొమ్మిదిన్నరకు గాని ముగిసేది కాదు. ఒక్కొక్క విద్యార్థినికి ఆరుగురు రోగుల బాధ్యత. ఆ శ్రమ నడుమనే వైద్యుల ఉపన్యాసాలు వినాలి, రోగి ఉష్ణోగ్రత, నాడి, శ్వాస గుర్తించడం నేర్వాలి. తొలి వారాలు గడిచిన తరువాత వారానికి ఒక డాలరు నుండి నాలుగు డాలర్ల వరకు భత్యం. ఆమెతో పాటు చేరినవారిలో అత్యధికులు మధ్యలోనే విరమించుకొన్నారు. చివరిదాకా నిలిచినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చు. మహోనీ కేవలం ఐదడుగుల ఎత్తున్న సన్నని స్త్రీ. 1879 ఆగస్టు 1న ఆమె పట్టా పుచ్చుకొన్నది.

పట్టా వచ్చినంత మాత్రాన అన్ని తలుపులూ తెరచుకోలేదు. నల్లజాతి నర్సులకు ఆసుపత్రులలో ఉద్యోగాలు దుర్లభం. ఆనాటి శిక్షిత నర్సులలో చాలమంది వలెనే ఆమె కూడా ఇండ్లలో రోగులకు పరిచర్య చేయడం వృత్తిగా స్వీకరించింది. నర్సును ఇంటి పనిమనిషిగా భావించే కుటుంబాలు కొన్ని ఉండేవి. మహోనీ ఆ భేదాన్ని వాదంతో కాక ప్రవర్తనతో నిరూపించింది. ఇంటి పరిచారకులతో కలసి కాక వంటింట ఒంటరిగా భుజించేదట. తాను వచ్చినది వృత్తిధర్మం నెరవేర్చడానికేనని అట్లా తెలియజేసేది. ఆమె నేర్పు, సహనం, రోగి రహస్యాలను కాపాడే మితభాషిత్వం మెచ్చి దూరప్రాంతాల కుటుంబాలు సైతం ఆమెను పిలిపించుకొనేవి.

ఇక్కడ పూర్వ విద్యార్థుల ప్రసక్తి మరల వస్తున్నది. 1896లో అమెరికా, కెనడా నర్సింగ్ విద్యాలయాల పూర్వ విద్యార్థినులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1911లో అమెరికన్ నర్సుల సంఘంగా పేరు మార్చుకొన్నది ఇదే. మహోనీ దానిలో తొలినాటి సభ్యురాలు. కాని ఆమె వంటి నల్లజాతి సభ్యులు చాల అరుదు. అందుచేత 1908లో మార్తా ఫ్రాంక్లిన్ చొరవతో నల్లజాతి పట్టభద్ర నర్సుల జాతీయ సంఘం న్యూయార్క్‌లో వెలసింది. మరుసటి ఏట బోస్టన్‌లో జరిగిన తొలి మహాసభలో స్వాగతోపన్యాసం చేసినది మహోనీయే. నర్సింగ్ విద్యలోని అసమానతలను ఆమె ఆ వేదికపై నిర్భయంగా ఎత్తి చూపింది. తాను చదివిన విద్యాలయాన్ని కూడా మినహాయించలేదు. అక్కడ తన జాతి బాలికలకు మరిన్ని ప్రవేశాలు కావాలని కోరింది. మాతృసంస్థపై గౌరవం అంటే దాని లోపాలపై మౌనం వహించడం కాదని ఆమె భావించినట్లు మాకు తోస్తున్నది. ఆ సంఘం ఆమెకు శాశ్వత సభ్యత్వమిచ్చి గౌరవించింది.

1911 నుండి 1912 వరకు లాంగ్ ఐలండ్‌లో నల్లజాతి అనాథ బాలల హోవర్డ్ ఆశ్రమానికి ఆమె అధ్యక్షురాలిగా పనిచేసింది. 1920లో స్త్రీలకు ఓటు హక్కు సిద్ధించగానే, 75 ఏండ్ల వయస్సులో, బోస్టన్‌లో ఓటరుగా పేరు నమోదు చేయించుకొన్న తొలి స్త్రీలలో ఒకరైంది. జీవితమంతా అవివాహితగానే ఉన్నది. రొమ్ము క్యాన్సరుతో మూడేండ్లు బాధపడి 1926 జనవరి 4న కన్నుమూసింది.

గౌరవాలు మెల్లగా వచ్చాయి. 1936లో నల్లజాతి నర్సుల సంఘం ఆమె పేర ఒక పురస్కారం నెలకొల్పింది. తొలి గ్రహీత ఆమె సహచరి అడా థామ్స్. 1951లో ఆ సంఘం అమెరికన్ నర్సుల సంఘంలో విలీనమైన తరువాత కూడా పురస్కారం కొనసాగింది. ఆ పురస్కారం పొందిన హెలెన్ మిల్లర్ పూనికతో 1973లో ఎవరెట్ పట్టణంలోని ఆమె సమాధిపై స్మారకశిల నిలిచింది. అప్పటికి ఆమె మరణించి 47 ఏండ్లు. 1976లో అమెరికన్ నర్సుల సంఘం, 1993లో జాతీయ మహిళా సంస్థ తమ కీర్తిమందిరాలలో ఆమెకు స్థానం కల్పించాయి.

విద్యార్థులారా! మహోనీ పట్టా పొందిన నాడు ఆమె వయస్సు 34. ఈ వయస్సులో ఇక చదువేమిటని తలపోసేవారికి ఆమె జీవితమే సమాధానం. అయితే మమ్ములను ఎక్కువగా కదలించినది ఆ 15 సంవత్సరాలు. మన కళాశాలలోనూ తరగతి గదులు ఊడ్చేవారున్నారు, ప్రయోగశాలలో సీసాలు కడిగేవారున్నారు. వారిలో ఎవరి మనస్సులో ఏ విద్యాకాంక్ష దాగి ఉన్నదో మనం ఎన్నడైనా విచారించామా? సన్మానయోగ్యులైన పూర్వ విద్యార్థులను వెదికే పెద్దలు, రాబోయే విద్యార్థి చేతిలో చీపురు పట్టుకొని గడప వద్దనే నిలిచి ఉండవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. మహోనీకి ఆ తలుపు తెరచుకొన్నది. అది మరికొంత ముందుగా తెరచుకొని ఉంటే ఎంత బాగుండేదో కదా!