లెక్కకు అందిన పేరు, అందని మేలు

వైద్య పరిశోధకుని ఘనతను ఈ దినములలో అంకెలతో కొలుచుచున్నారు. ఆయన ఎన్ని వ్యాసములు ప్రచురించెను, వాటిని ఇతరులు తమ వ్యాసములలో ఎన్నిమారులు పేర్కొనిరి అనునదే ఆ కొలత. ఉద్యోగములును, పరిశోధనకు ధనసహాయమును తరచుగా దీనినిబట్టియే లభించుచున్నవి. ఈ కొలత ఎంతవరకు చాలునో తెలిసికొనుటకు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును ఈ నెల తలంచుకొందము.

ఆయన 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవమారు గట్టెక్కిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అను వ్యాధి పొట్టనబెట్టుకొనెను. 1922లో ఆయన బోస్టను చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్టపోసికొనుచు హార్వర్డులో చదివిరి. మన విశాఖపట్నములో వైద్యకళాశాల వెలసినది ఆ మరుసటి సంవత్సరముననే.

1925లో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తములోను మూత్రములోను ఉన్న భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. మందులు కలిపినప్పుడు ద్రావణము నీలిరంగు తిరుగును; రంగు ఎంత చిక్కనైన భాస్వరము అంత ఎక్కువ. ఆ ఒక్క వ్యాసమును వేలకొలది వ్యాసములలో పేర్కొనిరి. తరువాత కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములను వారిద్దరు కనుగొనిరి. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన కొలువు ఇయ్యలేదు.

1940లో ఆయన లెడర్లీ ఔషధసంస్థకు వెళ్లిరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. సోదరులను బలిగొనిన వ్యాధికి అది మందుగా ఉపయోగపడెను. అక్కడనే తయారైన ఎమినోప్టెరిన్ తో బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తపు క్యాన్సరును కొంతకాలము అణచి, 1948లో ప్రకటించిరి. ఆ ప్రసిద్ధ వ్యాసమును వ్రాసినవారి పేర్లలో సుబ్బారావుగారి పేరు లేదు.

ఇక మన సముద్రతీరమునకు వత్తము. బోదకాలు ఎరుగని ఊరు ఇచ్చట అరుదు. దాని క్రిములు రాత్రివేళ రక్తములో తిరుగును గనుకనే సిబ్బంది రాత్రిపూట వచ్చి వ్రేలినుండి రక్తము తీయుదురు. ఆ క్రిములను చంపు హెట్రజాన్ 1947లో సుబ్బారావుగారి ప్రయోగశాలనుండియే వెలువడెను. వాచిన కాలును అది మామూలు చేయలేదు. కాని దోమద్వారా జబ్బు పొరుగువానికి పోకుండ ఆపును. ఇంటింటికి వచ్చి పంచిన డి.ఇ.సి. మాత్రలు ఆ మందే.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, స్వదేశమునకు తిరిగి రాకయే ఆయన నిద్రలో కన్నుమూసిరి.

పేర్కొనుట వ్యర్థమని మేము చెప్పము. ఎవరివలన నేర్చుకొంటిమో వారి పేరు చెప్పుట ఋణము ఒప్పుకొనుటయే. అయితే మాత్ర మ్రింగిన పల్లెకారు ఏ వ్యాసమును వ్రాయడు. అతడు పొందిన మేలు ఏ పట్టికలోను చేరదు. కాబట్టి పరిశోధకులను ఎన్నుకొను పెద్దలు అంకెలను చూచిన పిమ్మట, ఆ పనివలన ఎవరి బాధ తీరెనని కూడ అడుగవలెను. పరీక్ష తప్పి క్రుంగియున్న మన యౌవనులు సహా ఈ జీవితమును మరువకుందురు గాక.