వార్ధకమున వీరేశలింగము పంతులుగారు

నూజివీడు సీమలో, చాట్రాయి పరిసరములందు మామిడితోటలు గల గృహస్థులకు ఒక సంగతి తెలియును. ముదిరిన చెట్టున కొమ్మలు దట్టమై, ఎండ చొరక, కాపు తగ్గినపుడు పెద్దకొమ్మలను కోసివేయుదురు. చూచువారికి చెట్టు మోడైనట్లే తోచును. కొన్నియేండ్లలో క్రొత్తరెమ్మలు సాగి మరల కాపునకు వచ్చును. మ్రానును వేళ్లును పాతవే. మనుష్యులలో ముదిమియందు ఇట్టి కోతకు ఒడంబడువారు అరుదు. తమ చేతులతోనే తమ కొమ్మలను కోసికొన్నవారు మఱింత అరుదు. అట్టివారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఒకరు.

వారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874లో వివేకవర్ధనిని వెలువరించుటయు, ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించుటయు, 1881 డిసెంబరు 11వ తేదీన ప్రథమ వితంతు వివాహమును జరిపించుటయు చదువరులు ఎఱిగినవే. వయసునందు సాహసము సహజము. కీర్తి స్థిరపడి, 1893లో రావుబహదూరు బిరుదమును వచ్చిన పిమ్మట, విశ్రమించినచో తప్పుపట్టువారు లేని కాలమున వారు చేసినదియే ఇచట విచార్యము.

పంతులుగారు నియోగి బ్రాహ్మణ కుటుంబమున పుట్టిరి. సంఘ బహిష్కారమునకు లోనైనను చిరకాలము యజ్ఞోపవీతమును ధరించియే యుండిరి. 1906 ప్రాంతమున, అరువదియేండ్లకు చేరువైన ప్రాయమున, దానిని త్యజించిరి. కులభేదములు కూడదని లోకమునకు చెప్పినవారు ఆ మాటను తమ శరీరమునకే అన్వయించుకొనిరి. ఆ దశకములోనే తమ యావదాస్తిని హితకారిణీ సమాజమునకు ధారాదత్తము చేసిరి. 1910లో సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. సంతానము లేని ఆ వృద్ధునకు ఆ సమాజమే సంసారమయ్యెను.

ఇంతకంటె కష్టమైన త్యాగము భాషావిషయమున జరిగినది. ఆస్తి చేతిలోనిది, శైలి రచయిత ప్రాణములోనిది. చిన్నయసూరి నీతిచంద్రికలో విడిచిన సంధి విగ్రహములను పంతులుగారు ఆ ఫక్కినే రచించిరి. పెదవులు తగులని అక్షరములతో అచ్చతెనుగున నైషధమును వ్రాసిరి. గద్యతిక్కన యను ప్రశస్తి వారికి గ్రాంథిక వచనమువలననే వచ్చినది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వాడుకభాష పక్షమునను, జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక పక్షమునను నిలిచి వాదించు దినములలో, గ్రాంథికవాదులు ప్రమాణముగ చూపదగిన వచనము వీరేశలింగముగారిదే.

అట్టివారు 1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వెలసిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. గిడుగువారు కార్యదర్శి. అప్పటికి పంతులుగారికి డెబ్బదియేండ్లు నిండినవి. తమ కీర్తికి ఆధారమైన పక్షమును విడిచి, దానిని ప్రశ్నించు పక్షమునకు పెద్దఱికము వహించుట సామాన్యమా?

జీవితమంతయు ఒక త్రోవన నడచి కడపట మరలుట చాపల్యము కాదా యని కొందఱు అడుగవచ్చును. ఆ సందేహము త్రోసిపుచ్చదగినది కాదు. గాలివాటమున పక్షములు మార్చువారు ఏ కాలమునను గలరు. చాపల్యమును పరిణామమును వేఱుపఱుచుటకు రెండు గుఱుతులు గలవు. మార్పువలన ఆ మనుష్యునకు లాభించినదేమి? అతని మూలనిష్ఠ నిలిచినదా? పంతులుగారు కులచిహ్నమును, ఆస్తిని, తుదకు సాహిత్యాభిమానమును వదలుకొనిరే గాని గడించినది లేదు. మూలనిష్ఠయో, తొలినుండియు సామాన్యజనులయందే. స్త్రీలకును పామరులకును తెలియవలెనని శైలిని నానాటికి సులభము చేసిన వారే, ప్రహసనములలో పాత్రోచితమైన వాడుకమాటలను పలికించిన వారే, కడపట ఆ త్రోవలో మఱియొక యడుగు వేసిరి. మారినది పక్షము, మారనిది ప్రయోజనము.

ఆ సమాజము పుట్టిన మూడు మాసములు నిండకమునుపే, 1919 మే 27వ తేదీన, పంతులుగారు చెన్నపురిలో పరమపదించిరి. తాము చేపట్టిన పక్షము గెలుచుట వారు చూడలేదు. నేడు పత్రికలును పాఠ్యపుస్తకములును ఆ వాడుకభాషలోనే వెలువడుచున్నవి.

వయసు మీఱినవారు తామెవరమో తమకు పూర్తిగా తెలిసిపోయినదని తలంతురు. యౌవనమున కుదిరిన స్నేహములను, పంతములను, పక్షములను ఆస్తివలె కాచుకొందురు. వానిలో ఏది వేరో, ఏది ఎండ చొరనీయని కొమ్మయో విచారించుకొనుటకు డెబ్బదియవయేడును ఆలస్యము కాదని పంతులుగారి చరిత్రము చెప్పుచున్నది.